‘సేవ్ అయింది’ అంటే నిజంగా అయినట్టేనా?



వార్షికోత్సవ సంచికకు కథలు, కవితలు, పాటలు రాసే మిత్రులు మన వసతి గృహంలో చాలామందే ఉన్నారు. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మేము మా చదువులోని ఒక విషయాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాము. దాని పేరు కాస్త భయపెడుతుంది: ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో డిస్కు రైట్ క్యాష్ ఫ్లష్. పేరు చూసి పేజీ తిప్పేయవద్దని మనవి. ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు, తాత్కాలికంగా దాచుకునే చిన్న మెమరీ. ఫ్లష్ అంటే ఆ దాచుకున్నదంతా అసలు చోటికి చేర్చి ఖాళీ చేయడం. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే అడుగున ఉండి ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కును అదుపులో పెట్టే భాగం.

ప్రశ్న మాత్రం చాలా చిన్నది. మనం ఒక ఫైలును సేవ్ చేశాము. కంప్యూటర్ ‘సరే’ అంది. మరుక్షణం కరెంటు పోయింది. ఆ ఫైలు ఉంటుందా, ఉండదా?

రశీదు – రిజిస్టరు:

మనలో చాలామందిమి కుల ధ్రువీకరణ పత్రానికో, ఆదాయ ధ్రువీకరణ పత్రానికో, ఉపకార వేతనానికో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళమే. దరఖాస్తు ఇస్తే గుమాస్తా ముద్ర వేసి రశీదు ఇస్తాడు. రశీదు చేతికి వచ్చిందంటే దరఖాస్తు రిజిస్టరులో ఎక్కినట్టే అని మనం నమ్ముతాము. కాని లైను పెద్దగా ఉన్నప్పుడు గుమాస్తా కాగితాన్ని ట్రేలో పెట్టి, ముందు రశీదు ఇచ్చి పంపిస్తాడు. తీరిక దొరికినప్పుడు ట్రేలో ఉన్నవన్నీ ఒక వరుసలో పెట్టుకొని రిజిస్టరులో ఎక్కిస్తాడు. దీనివల్ల లైను త్వరగా కదులుతుంది, అందరికీ మేలే. కాని ఎక్కించే లోపల ఆ ట్రే గాలివానకు ఎగిరిపోతే? మన చేతిలో రశీదు ఉంటుంది, రిజిస్టరులో పేరు ఉండదు. తిరగాల్సింది మాత్రం మనమే.

కంప్యూటర్ డిస్కు సరిగ్గా ఈ గుమాస్తాలాగే పనిచేస్తుంది. డిస్కులో అసలు రిజిస్టరు అయస్కాంతపు పళ్ళెం, లేదా ఎస్ఎస్‌డీలో ఫ్లాష్ చిప్పులు. ట్రే ఏమో డిస్కు సర్క్యూట్ బోర్డు మీద ఉండే చిన్న ర్యామ్. దానినే డిస్కు రైట్ క్యాష్ అంటారు. డేటా ఆ ర్యామ్‌లోకి రాగానే డిస్కు ‘రాయడం పూర్తయింది’ అని కెర్నల్‌కు రశీదు ఇచ్చేస్తుంది. ఆ ర్యామ్ కరెంటు పోతే చెరిగిపోయే రకం.

డిస్కు ఇలా ఎందుకు చేస్తుంది?

మోసం చేయాలని కాదు, వేగం కోసం. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కును తీసుకుందాం. అంటే సెకనుకు 120 చుట్లు. ఒక్క చుట్టుకు సుమారు 8.3 మిల్లీ సెకన్లు పడుతుంది. ఒక రికార్డు పళ్ళెం మీద పడేదాకా ఆగి, ‘పడింది’ అని తెలుసుకున్నాక దాని పక్క రికార్డును పంపితే, ఆ లోపల ఆ చోటు హెడ్డు కింద నుంచి దాటిపోతుంది. మళ్ళీ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాల్సిందే. అంటే ఎంత గొప్ప ప్రాసెసర్ ఉన్నా సెకనుకు సుమారు 120 రికార్డులకు మించి రాయలేము. అదే డిస్కు చాలా రికార్డులను తన ర్యామ్‌లో పోగు చేసుకొని, హెడ్డు ఎటు కదిలితే దగ్గరో చూసుకొని ఒక వరుసలో రాసుకుంటే, అదే సమయంలో ఎన్నో రెట్లు ఎక్కువ రాయగలదు. తిరిగే పళ్ళెం లేని ఎస్ఎస్‌డీకి కూడా ఈ అవసరం ఉంది. ఫ్లాష్ చిప్పులో ఒక్కో అక్షరాన్ని చెరిపి రాయడం కుదరదు. రాయడం పేజీల లెక్కన, చెరపడం ఇంకా పెద్ద బ్లాకుల లెక్కన జరుగుతుంది. అందుకే అది కూడా పోగు చేసుకొని రాస్తుంది.

కాబట్టి క్యాష్‌ను తీసివేయడం పరిష్కారం కాదు. ఎప్పుడు పోగు చేసుకోనివ్వాలి, ఎప్పుడు ‘ఇప్పుడే రిజిస్టరులో ఎక్కించు’ అని గట్టిగా చెప్పాలి అన్నదే అసలు సమస్య. ఆ చెప్పే బాధ్యత కెర్నల్‌ది.

అక్షరం ప్రయాణంలో మూడు మజిలీలు:

మనం రాసిన అక్షరం డిస్కు పళ్ళెం చేరే ముందు మూడు చోట్ల ఆగుతుంది.

మొదటిది ప్రోగ్రామ్ సొంత బఫర్. సి భాషలో ఎఫ్‌ప్రింట్ఎఫ్ అని రాస్తే ఆ అక్షరాలు వెంటనే కెర్నల్‌కు చేరవు, ప్రోగ్రామ్ మెమరీలోనే ఉంటాయి. ఎఫ్‌ఫ్లష్ అనే ఫంక్షన్ వాటిని కెర్నల్‌కు అప్పగిస్తుంది.

రెండవది కెర్నల్ వారి పేజీ క్యాష్. ఇది కంప్యూటర్ ప్రధాన ర్యామ్‌లో ఉంటుంది. డిస్కుకు ఇంకా చేరని పేజీలను డర్టీ పేజీలు అంటారు. లినక్స్‌లో సాధారణంగా ప్రతి 5 సెకన్లకు ఒకసారి కెర్నల్ లేచి చూసి, 30 సెకన్ల కంటే పాతబడిన డర్టీ పేజీలను డిస్కుకు పంపుతుంది. ఈ రెండు అంకెలను కావాలంటే మార్చుకోవచ్చు.

మూడవది పైన చెప్పిన డిస్కు క్యాష్.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కరెంటు ఉండగా ప్రోగ్రామ్ మాత్రమే ఆగిపోతే మొదటి మజిలీలో ఉన్నదే పోతుంది. కెర్నల్ మొత్తం కూలిపోతే మొదటి రెండు మజిలీలలోనివి పోతాయి, కాని డిస్కుకు ఇంకా కరెంటు అందుతూ ఉంటే అది తన ట్రేలోనివి రాసుకోగలదు. కరెంటే పోతే మూడూ పోతాయి. మన ఊళ్ళలో మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ మూడో ప్రమాదమే.

ప్రోగ్రామ్ రాసేవాళ్ళు ‘ఈ ఫైలు ఖచ్చితంగా డిస్కు మీద ఉండాలి’ అనుకున్నప్పుడు పిలవాల్సిన సిస్టమ్ కాల్ ఎఫ్‌సింక్. లినక్స్‌లో ఎఫ్‌సింక్ రెండు పనులు చేయాలి. ఆ ఫైలుకు చెందిన డర్టీ పేజీలను డిస్కుకు పంపడం ఒకటి. ఆ తర్వాత డిస్కు క్యాష్‌ను కూడా ఖాళీ చేయించడం రెండవది. రెండవది చేయకపోతే మొదటిది చేసి లాభం లేదు, రశీదు మాత్రమే మిగులుతుంది.

పోవడం కంటే వరుస తప్పడం ప్రమాదం:

చివరి నిమిషంలో రాసిన నాలుగు మాటలు పోతే మళ్ళీ రాసుకోవచ్చు. కాని డిస్కు తన సౌకర్యం కోసం వరుస మార్చి రాయడం వల్ల వచ్చే ప్రమాదం పెద్దది.

ఒక కొత్త ఫైలు పుట్టాలంటే డిస్కు మీద కనీసం మూడు చోట్ల మార్పు జరగాలి. ఖాళీ బ్లాకుల పట్టికలో ఆ బ్లాకు వాడుకలో ఉందని రాయాలి. ఫైలు వివరాలుండే ఐనోడ్‌లో రాయాలి. డైరెక్టరీలో పేరు ఎక్కించాలి. మధ్యలో కరెంటు పోతే ఒకచోట రాసి మరోచోట రాయని స్థితి వస్తుంది. ఒకే బ్లాకును ఇద్దరికి కేటాయించినట్టు అయ్యే అవకాశం కూడా ఉంది.

దీనికి ఫైల్ సిస్టమ్‌లు కనిపెట్టిన ఉపాయం జర్నల్, అనగా చిట్టా. లినక్స్‌లో ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4 వంటివి ఈ పద్ధతిలో పనిచేస్తాయి. చేయబోయే మార్పులన్నీ ముందు చిట్టాలో రాసి, చివర ‘ఇంతటితో పూర్తి’ అని ఒక కమిట్ బ్లాకు పెడతారు. తర్వాత తీరికగా అసలు చోట్లలో మారుస్తారు. మధ్యలో కరెంటు పోయి మళ్ళీ వస్తే, కెర్నల్ చిట్టా తెరిచి చూస్తుంది. కమిట్ బ్లాకు ఉంటే ఆ మార్పులను మళ్ళీ చేస్తుంది. లేకపోతే ఆ పద్దును వదిలేస్తుంది. కొన్ని మార్పులు పోవచ్చు, కాని ఫైల్ సిస్టమ్ చెడిపోదు.

ఇదంతా ఒకే ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. కమిట్ బ్లాకు పళ్ళెం మీద ఉందంటే దానికి ముందు రాసినవన్నీ పళ్ళెం మీద ఉన్నాయని. డిస్కు వరుస మార్చి కమిట్ బ్లాకును ముందు రాసేసి, మిగతావి ట్రేలో ఉండగా కరెంటు పోయిందనుకోండి. కెర్నల్ తిరిగి వచ్చి ‘పూర్తి’ అన్న ముద్రను చూస్తుంది. అక్కడ ఉన్న పాత చెత్తను కొత్త మార్పులుగా నమ్మి ఫైల్ సిస్టమ్ నిండా రాసేస్తుంది. కాపాడాల్సిన చిట్టాయే కొంప ముంచుతుంది.

డిస్కుకు ఇచ్చే రెండు ఆజ్ఞలు:

అందుకే డిస్కులకు రెండు రకాల ఆజ్ఞలు ఏర్పాటు చేశారు.

ఒకటి ఫ్లష్. ‘నువ్వు ఇంతవరకు రశీదు ఇచ్చినవన్నీ రిజిస్టరులో ఎక్కించి అప్పుడు నాకు చెప్పు’ అని దీని అర్థం. ఏటీఏ, సాటా డిస్కులలో దీని పేరు ఫ్లష్ క్యాష్. ఎస్‌సీఎస్ఐ డిస్కులలో సింక్రనైజ్ క్యాష్. ఎన్‌వీఎమ్ఈ డిస్కులలో ఫ్లష్ అనే అంటారు.

రెండవది ఎఫ్‌యూఏ, అనగా ఫోర్స్ యూనిట్ యాక్సెస్. ‘ట్రే సంగతి నాకెందుకు, ఈ ఒక్క దరఖాస్తును మాత్రం నేరుగా రిజిస్టరులో ఎక్కించాకే రశీదు ఇవ్వు’ అని దీని అర్థం. ఇది రాసే ఆజ్ఞతో పాటే వెళ్ళే ఒక గుర్తు. అన్ని డిస్కులకూ ఈ సౌకర్యం ఉండదు.

చిట్టా కమిట్ బ్లాకుకు ఈ రెండూ కావాలి. దానికి ముందు ఫ్లష్ చేస్తే చిట్టాలో రాసిన మార్పులన్నీ భద్రం. కమిట్ బ్లాకునే ఎఫ్‌యూఏతో రాస్తే అది కూడా భద్రం. ఈఎక్స్‌టీ4 చేసేది ఇదే.

కెర్నల్ ఈ పనిని ఎలా నేర్చుకుంది?

లినక్స్‌లో మొదట బ్యారియర్, అనగా అడ్డుగోడ అనే పద్ధతి ఉండేది. ఫైల్ సిస్టమ్ ఒక అభ్యర్థనకు బ్యారియర్ గుర్తు పెట్టి పంపితే, దానికి ముందువి ముందే, వెనకవి వెనకే ఉండేలా కెర్నల్‌లోని బ్లాక్ లేయర్ చూసుకునేది. వినడానికి బాగుంది కాని ఆచరణలో బరువు. అడ్డుగోడ వచ్చినప్పుడల్లా ఆ డిస్కు క్యూ మొత్తం ఖాళీ అయ్యేదాకా కొత్తవారినెవరినీ లోపలికి రానిచ్చేది కాదు. ఆ అడ్డుగోడతో ఏ సంబంధం లేని ప్రోగ్రామ్‌లు కూడా ఆగిపోయేవి. ఈ ఖర్చు భయం వల్లనే ఈఎక్స్‌టీ3లో చాలాకాలం బ్యారియర్‌ను మామూలుగా ఆపి ఉంచారు. అంటే ఎవరైనా తెలిసి ఆన్ చేసుకుంటేనే రక్షణ ఉండేది. ఈఎక్స్‌టీ4లో మాత్రం దానిని ఆన్ చేసి ఉంచడమే పద్ధతి అయింది.

2010లో తేజున్ హియో, క్రిస్టాఫ్ హెల్విగ్ తదితర కెర్నల్ రచయితలు దీన్ని తిరగరాశారు. 2011 జనవరిలో వచ్చిన 2.6.37 కెర్నల్‌లో అడ్డుగోడ పోయి, దాని స్థానంలో ఫ్లష్, ఎఫ్‌యూఏ అనే రెండు స్పష్టమైన గుర్తులు వచ్చాయి. వారి ఆలోచన సులువైనది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఫైల్ సిస్టమ్‌కే బాగా తెలుసు. కాబట్టి తనకు కావలసిన రాతలు పూర్తయ్యేదాకా అదే ఆగుతుంది. ఆ తర్వాత ఫ్లష్ అడుగుతుంది. బ్లాక్ లేయర్ వరుస కాపాడే పని మానేసి, అడిగినప్పుడు ట్రే ఖాళీ చేయించే పని మాత్రం చేస్తుంది. సంబంధం లేనివారు ఎవరూ ఆగనక్కరలేదు.

ఇప్పుడు ఫ్లష్ గుర్తు ఉన్న అభ్యర్థన వస్తే కెర్నల్ దానిని మూడు మెట్లుగా విడగొడుతుంది: ముందు ఫ్లష్, తర్వాత డేటా రాయడం, ఆ తర్వాత మళ్ళీ ఫ్లష్. అన్నీ అందరికీ అవసరం లేదు. డిస్కుకు రైట్ క్యాష్ లేకపోతే రెండు ఫ్లష్‌లూ వృథా కాబట్టి డేటా మాత్రం పంపుతుంది. క్యాష్ ఉండి ఎఫ్‌యూఏ కూడా ఉంటే చివరి ఫ్లష్ అక్కరలేదు. ఎఫ్‌యూఏ లేకపోతే దాని బదులు చివరి ఫ్లష్ చేస్తుంది. ఫైల్ సిస్టమ్ రాసేవారు ఏ డిస్కు ఎలాంటిదో పట్టించుకోకుండా తమకు కావలసింది అడిగితే చాలు.

షేర్ ఆటో సూత్రం:

ఫ్లష్ ఖరీదైన పని. ఒకేసారి వంద ప్రోగ్రామ్‌లు ఎఫ్‌సింక్ పిలిస్తే వంద ఫ్లష్‌లు పంపాలా? అక్కరలేదు. ఇక్కడ కెర్నల్ షేర్ ఆటో సూత్రం పాటిస్తుంది. ఒక ఆటో వెళ్తూ ఉండగా వచ్చినవాళ్ళు స్టాండులో ఆగుతారు. అది తిరిగి రాగానే ఆగినవాళ్ళందరూ కలిసి ఒకే ట్రిప్పులో వెళ్తారు. అలాగే ఒక ఫ్లష్ నడుస్తున్నప్పుడు వచ్చిన కొత్త ఫ్లష్ అభ్యర్థనలను కెర్నల్ రెండో వరుసలో నిలబెడుతుంది. మొదటిది పూర్తయ్యాక ఆ వరుస మొత్తానికి కలిపి ఒక్క ఫ్లష్ పంపుతుంది.

‘ఎలాగూ ఒక ఫ్లష్ నడుస్తోంది కదా, కొత్తగా వచ్చినవాళ్ళను కూడా అందులోనే కలిపేయవచ్చు కదా’ అని అడగవచ్చు. కలపకూడదు. ఆ ఫ్లష్ బయలుదేరాక ట్రేలో పడిన కాగితాలను డిస్కు ఎక్కించిందో లేదో చెప్పలేము. కదిలిపోయిన ఆటోలో మనం ఎక్కినట్టు లెక్క వేసుకుంటే ఊరు చేరము. కాబట్టి ప్రతి అభ్యర్థనకూ, అది వచ్చిన తర్వాత మొదలైన ఫ్లష్ మాత్రమే చెల్లుతుంది.

చెప్పాల్సిన నిజం చెప్పకపోతే:

ఇంత ఏర్పాటు ఉన్నా గొలుసులో ఒక్క లింకు తెగితే చాలు. దీనికి రెండు ఉదాహరణలు చూడండి.

యాపిల్ వారి మ్యాక్ కంప్యూటర్లలో ఎఫ్‌సింక్ డేటాను డిస్కుకు పంపుతుంది కాని, డిస్కు క్యాష్‌ను ఖాళీ చేయించదు. దానికి ఎఫ్ ఫుల్ ఎఫ్‌సింక్ అనే వేరే ఆజ్ఞ ఉంది. ఈ సంగతి వారు దాచలేదు, తమ మాన్యువల్‌లోనే రాశారు. మాన్యువల్ చదవనివారికే ఇబ్బంది.

రెండవది 2018లో బయటపడింది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరున్న డేటాబేస్ వారు అంతవరకు ఒక నమ్మకంతో ఉన్నారు. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్ళీ పిలిస్తే సరిపోతుందని. కాని లినక్స్‌లో డిస్కుకు రాయడం విఫలమైతే కెర్నల్ ఒకసారి లోపం తెలిపి, ఆ పేజీలను డర్టీ జాబితా నుంచి తీసేసేది. రెండోసారి ఎఫ్‌సింక్ పిలిస్తే రాయవలసిన పేజీలే కనిపించవు కాబట్టి ‘అంతా బాగుంది’ అని జవాబు వచ్చేది. డేటా మాత్రం డిస్కు మీద లేదు. 2019 ఫిబ్రవరిలో వారు తమ పద్ధతి మార్చారు. ఇప్పుడు ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా డేటాబేస్ తనను తాను ఆపుకొని, తన చిట్టా నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. అబద్ధపు రశీదు ఇవ్వడం కంటే పని ఆపడమే మేలని వారు తేల్చుకున్నారు.

మనం చేయవలసినవి:

1. పెన్‌డ్రైవ్‌ను తీసే ముందు సేఫ్‌లీ రిమూవ్ నొక్కడం అలవాటు చేసుకోండి. 2018లో వచ్చిన విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌లకు క్విక్ రిమూవల్ మామూలు పద్ధతి అయినా, ఆ సెట్టింగును ఎవరైనా మార్చి ఉండవచ్చు. లినక్స్‌లో అయితే అన్‌మౌంట్ చేశాకే తీయాలి.

2. విండోస్ డివైస్ మేనేజర్‌లో డిస్కు పాలసీల కింద రైట్ క్యాష్ బఫర్ ఫ్లషింగ్‌ను ఆపే గడి ఒకటి ఉంటుంది. వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే దానిలో టిక్కు పెట్టవద్దు. డిస్కుకు సొంత బ్యాటరీ వంటి ఏర్పాటు ఉన్నవారికే అది పనికొస్తుంది.

3. ప్రోగ్రామ్ రాసే మిత్రులు పాత ఫైలు మీదనే నేరుగా రాయవద్దు. తాత్కాలిక ఫైలులో రాసి, ఎఫ్‌ఫ్లష్, ఆ తర్వాత ఎఫ్‌సింక్ పిలిచి, అప్పుడు పాత పేరుకు రీనేమ్ చేసి, చివరగా ఆ డైరెక్టరీకి కూడా ఎఫ్‌సింక్ చేయాలి. 2009లో ఈఎక్స్‌టీ4కు మారిన కొందరికి కరెంటు పోయాక ఫైళ్ళు సున్నా బైట్లతో కనిపించాయి. ఎఫ్‌సింక్ లేకుండా రీనేమ్ చేయడం అందుకు ఒక కారణం. తర్వాత కెర్నల్‌లో కొంత రక్షణ పెట్టారు కాని, అన్ని ఫైల్ సిస్టమ్‌లూ ఆ రక్షణ ఇస్తాయని అనుకోవద్దు.

4. ఎఫ్‌సింక్ ఇచ్చే జవాబును తప్పక చూడండి. ఫైలును మూసేటప్పుడు వచ్చే జవాబును కూడా చూడండి. లోపం వస్తే వాడుతున్నవారికి చెప్పండి.

5. ల్యాబులో ఒక చిన్న ప్రయోగం చేయండి. వెయ్యి చిన్న రికార్డులను ఒక్కొక్కదానికి ఎఫ్‌సింక్ పిలుస్తూ రాసి ఎంత సమయం పట్టిందో నోటు చేసుకోండి. తర్వాత వెయ్యీ రాసి చివర ఒక్కసారే ఎఫ్‌సింక్ పిలవండి. ఆ రెండు అంకెలకు మధ్య ఉన్న తేడాయే భద్రతకు మనం చెల్లించే ధర. హార్డ్ డిస్కు మీద, ఎస్ఎస్‌డీ మీద వేరువేరుగా చేస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

6. యూపీఎస్ మంచిదే కాని అదొక్కటే చాలదు. కంప్యూటర్ లోపలి పవర్ సప్లై పాడైనా, ఎవరి కాలైనా వైరుకు తగిలినా యూపీఎస్ ఏమీ చేయలేదు. కొన్ని సర్వర్ డిస్కులలో కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా ట్రేలోనివి రాసుకునేంత శక్తి వాటిలో నిలవ ఉంటుంది.

ఇదంతా మనకెందుకు?

మన పింఛన్లు, రేషన్ కార్డులు, పరీక్ష ఫీజులు, ఉపకార వేతనాలు అన్నీ ఇవాళ ఏదో ఒక సర్వరు డిస్కు మీద వరుసలుగా ఉన్నాయి. ఒక వరుస పోతే కంప్యూటర్‌కు తేడా తెలియదు. డబ్బున్నవారు మళ్ళీ కట్టుకుంటారు, మళ్ళీ తెచ్చుకుంటారు. కాని ఒక రోజు కూలి వదులుకొని, బస్సు చార్జీ అప్పు తెచ్చుకొని వచ్చిన అమ్మకు ‘మీ దరఖాస్తు మా దగ్గర లేదు’ అని చెబితే ఆమె చేతిలోని రశీదుకు విలువేముంది?

మన వసతి గృహాల నుంచి ఏటా ఎంతోమంది ఇంజనీరింగ్, ఎంసీఏ, డిప్లొమా చదువులకు వెళ్తున్నారు. రేపు ఆ సాఫ్ట్‌వేర్లు రాసేవారిలో మనవాళ్ళూ ఉంటారు. అప్పుడు తెర మీద ‘మీ దరఖాస్తు స్వీకరించబడింది’ అన్న వాక్యం చూపించే ముందు, దానికి పై వరుసలో ఎఫ్‌సింక్ పిలిచామా, దాని జవాబు చూశామా అని ఒక్కసారి సరిచూసుకోవాలని కోరుతున్నాము. ఈ వ్యాసంలో అర్థం కాని విషయాలుంటే సాయంత్రం స్టడీ అవర్ తర్వాత మా గదికి రండి. కాగితం మీద బొమ్మ గీసి చెబుతాము.